నీలం అంటే సముద్రం

మొన్న, చిన్నప్పుడు నాన్నతో ఉన్న విదేశపు ఊరు డనీడిన్‌లో ఒక షాపు అద్దం వెనక అక్కడి ఒటాగో ప్రాంతపు టార్టన్ శాలువా కనిపించింది. నీలం, ఆకుపచ్చ, పసుపు గళ్ళ ఉన్ని శాలువా. దాన్ని చూశాక నాకు అడుగు ముందుకు పడలేదు.

ఆ గళ్ళు మొదటిసారి చూసినప్పుడు నాకు ఆరేళ్ళు. నాన్న పనికి వెళ్తుంటే మంచు గడ్డకట్టిన రోడ్డు మీద కారు జారి చనిపోయాడు. చర్చిలో నాన్నను ఉంచిన పెట్టె మీద మా పక్కింటి మార్గరెట్ ఆంటీ తన టార్టన్ దుప్పటి కప్పింది. వానకు తడిసిన ఉన్ని వాసన వేస్తోంది. నేను గళ్ళ మీద వేలు పెట్టి గీస్తుంటే ఆవిడ పక్కన కూర్చుని ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది.

"పసుపు మన కొండల మీది గడ్డి. ఆకుపచ్చ అడవి. నీలం మా పెద్దవాళ్ళు ఓడలో దాటి వచ్చిన సముద్రం."

నాన్న కూడా అలాగే ఓడలో వెళ్తాడేమో అనుకున్నాను.

ఆ సాయంత్రం తెనాలి నుంచి నానమ్మ ఫోన్ చేస్తే నేనే అందుకున్నాను.

"నానమ్మా, డాడీ షిప్‌లో నీ దగ్గరికి వస్తున్నాడు. బ్లాంకెట్ కప్పారు, చలెయ్యదులే."



"రానీ తల్లీ," అంది నానమ్మ. "అన్నం వండి ఉంచుతాను. నువ్వు తిన్నావా?"

తిన్నానని చెప్పి ఆటకు వెళ్ళిపోయాను.

కొడుకును అక్కడే సమాధి చేశారనీ, ఆఖరిచూపు కూడా తనకు దక్కదనీ అప్పటికే ఆవిడకు తెలుసు. ఫోన్ పెట్టేసి నిజంగానే ఎసరు పెట్టిందట. నీళ్ళన్నీ ఇగిరిపోయేదాకా పొయ్యి ముందు అలాగే నిలబడిపోయిందని చాలా ఏళ్ళకు మా అత్త చెప్పింది.