అయ్యగారు రంగూను నుంచి రాసింది ఇదీ

మన పెరంబూరు తెలుగు క్రైస్తవ సంఘం అయ్యగారు మొన్న మంగళవారం ఉదయం పోయారు. నేను బడిలో సంధులు అప్పజెబుతుండగా ప్యూను వచ్చి టీచరుతో మెల్లగా ఏదో చెప్పాడు. ఆవిడ నన్ను చూసి, "పుస్తకం మూసెయ్ పాపా, ఇంటికి పో" అన్నారు. చాలా రోజులుగా ఆయనకు ఆయాసం. అయినా ముందు వారం కూడా వాకిట్లో కుర్చీ వేసుకుని నా వ్యాసం దిద్దారు.

ఆయన దిద్దడానికి ఎర్ర సిరా అక్కరలేదు. నేను ముచ్చటపడి రాసుకున్న మాట మీద బొటనవేలు పెట్టి, "ఇప్పుడు చదువు" అనేవారు. చదివేదాన్ని. "అర్థం ఏమన్నా పోయిందా?" పోయేది కాదు. "అయితే అది ఈడ ఊరికే కూర్చోనుండాది. లేపి పంపించెయ్." గుడిలో ప్రసంగం మధ్యలో రైల్వే వర్క్‌షాపు కూత వస్తే ఆగేవారు. కూత ఆగగానే, వదిలిన మాట దగ్గరే మళ్లీ అందుకునేవారు.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమని సంఘపెద్ద నన్ను అడిగారు. ఏం రాయాలో సమాధి దగ్గరే తెలిసింది. నా వెనక ఒకావిడ, "మంచాయనే. ఆ రంగూను పనొక్కటే చేతకాలా. నెల దినాలు ఆడ ఉండి, ఉన్న బడి కూడా మూతబడేట్టు చేసి వచ్చినాడు" అంది. పక్కావిడ, "ఊరుకో అక్కా, ఇంకా మట్టి కూడా ఆరలా" అంది కాని, కాదనలేదు. నేనూ కాదనలేదు.

రెండేళ్ల కిందట మన సంఘం ఆయనను నెల రోజుల సేవకు రంగూను పంపింది. అక్కడ బియ్యం మిల్లుల్లో పనిచేసే తెలుగువాళ్లకు ఒక చిన్న గుడి, దాని వెనక రేకుల కింద కొత్తగా పెట్టిన బడి ఉన్నాయి. ఆదివారాలు ఆరాధన జరిపి, మిగతా రోజులు పిల్లలకు అక్షరాలు నేర్పాలని ఏర్పాటు. వెళ్లిన రెండు వారాలకే పలకలు పంపమని ఆయన నుంచి ఉత్తరం వచ్చింది. సంఘపెద్దకు చత్వారం. ఉత్తరం విప్పకుండానే నా చేతిలో పెట్టి, "ఆయన రాత కోడి గెలికినట్టుంటాది. నువ్వు అందంగా రాసి ఆదివారం గుడిలో చదువు పాపా" అన్నారు.

అందంగా రాయమన్నారు కదా. అప్పట్లో నాకు పెద్ద పెద్ద సమాసాలంటే ఆకలి. కొత్త మాట దొరికితే రోజంతా నోట్లో చప్పరిస్తూ తిరిగేదాన్ని. పలక అన్న చిన్న మాట పట్టుకుని అంతమంది ముందు నిలబడటం నామోషీ అనిపించింది. "అజ్ఞాన తిమిరంలో అలమటించు బాలహృదయాలకై మీ కరుణార్ద్ర హస్తములు చాపుడు" అని రాశాను. నా కాగితంలో పలక ఎక్కడా మిగల్లేదు.

చదివాను. అందరూ మోకరించి, చేతులు చాపి, ప్రార్థన చేశారు. ఒక ముసలమ్మ నా బుగ్గ పుణికి, "ఒక్క ముక్కా అర్థం కాలా పాపా, అయినా ఏడుపొచ్చేసినాది" అంది. వారమంతా ఆ పొగడ్తతోనే కడుపు నింపుకున్నాను.

ఆయన తిరిగి వచ్చిన రోజు అందరం హార్బరుకు వెళ్లాం. భుజాన సంచి దించకుండానే, "పలకలు ఏ ఓడలో వేసినారు? నాకు అందలేదే" అని అడిగారు.

"ఏం పలకలు అయ్యగారూ?" అన్నారు సంఘపెద్ద. "మీరు ఒక్క మాట రాసుంటే పంపకుండా ఉంటామా?"

అయ్యగారు నా వైపు చూశారు. నేను ఓడ కట్టిన తాడు వైపు చూస్తున్నాను.

"నేనే సరిగ్గా రాసుండను లెండి" అన్నారాయన.

మర్నాడు నేను చదివిన కాగితం తెమ్మన్నారు. బొటనవేలు ఒక మాట మీది నుంచి ఇంకో మాట మీదికి జరుపుతూ వెళ్లి, చివరికి తీసేశారు. "దీనికి నా వేలు చాలదు పాపా." నేను ఏడ్చాను. అందరికీ చెప్పేస్తానన్నాను. "చెప్పు. నీకు ఎప్పుడు చేతనైతే అప్పుడు చెప్పు. ముందు పలకల సంగతి చూద్దాం, రా" అన్నారు.

ఇద్దరం రైల్వే క్వార్టర్సులో ఇంటింటికీ తిరిగి పాత పలకలు అడిగి, గోనెలో కట్టి ఉంచాం. తర్వాతి ఓడ బయలుదేరక ముందే రంగూను నుంచి కబురు వచ్చింది. పిల్లలు ఒక్కొక్కరే రావడం మానేసి మిల్లు పనికి పోతున్నారని, బడి మూసేశామని. ఆయన దాన్ని రెండుసార్లు చదివి మడిచారు. ఆ పూట అన్నం ముట్టలేదని అమ్మగారు మా అమ్మతో చెప్పారు.

రెండేళ్లు నాకు చేతకాలేదు. ఆయన ఒక్కసారీ గుర్తు చేయలేదు. ఆయన వినగలిగినప్పుడు చెప్పి ఉండవలసింది.

ఆయన మనకు స్పష్టంగానే రాశారు. మీదాకా రానివ్వనిది నేను. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఒక్క మాట మార్చకుండా ఇక్కడ ఎక్కిస్తున్నాను:

"ఇక్కడ బడిలో పలకలు లేవు. మన దగ్గర పాతవి ఉంటే పంపండి. పగిలినవైనా సరే. మిల్లులో కాలిన ఊక బూడిద తెచ్చి నేల మీద పరిచి, పిల్లలు వేలితో రాస్తున్నారు. గాలి వస్తే అక్షరం పోతుంది. వెనక వరసలో ఒక చిన్నపిల్ల, తాను రాసిన అక్షరం పోకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది. ఇంకొకటి రాయడానికి దానికి చెయ్యి మిగలదు."