భువనగిరి బాటలో సద్దిమూట

మా చెల్కలో నిలబడి ఉత్తరం వైపు చూస్తే భువనగిరి గుట్ట కనిపించేది. ఒకటే బండ, బోర్లించిన కాగులాగా ఉంటుంది. మా ఊరికి నాలుగు కోసుల దూరం. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నా పంతొమ్మిదేళ్లు వచ్చేదాకా దాని దగ్గరికి పోవాలని తోచలేదు. మా ఊళ్లో ఎవరూ దాన్ని ఎక్కి ఎరగరు. యాదగిరిగుట్ట అంటే మొక్కు ఉంటుంది, తలనీలాలు ఉంటాయి, తిరిగొచ్చి ఇంటింటికీ ప్రసాదం పంచడం ఉంటుంది. ఈ బండ మీద పాత కోట గోడలు తప్ప మా ఊరి మొక్కులేవీ లేవు. పనీ పాటా లేకుండా గుట్ట ఎక్కి దిగిరావడమేమిటని మా వైపు ఎవరైనా నవ్వుతారు.

ఆ కోరిక నాకు పుట్టింది. గుట్ట మీద ప్రేమతో కాదు, ఇద్దరు దోస్తులు దొరికారన్న సంబరంతో.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. బాపు షోలాపురం మిల్లుకు పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. నన్ను అవ్వ పెంచింది. నాకు మీసం వచ్చే వయసులోనే ఊళ్లలో గొడవలు మొదలయ్యాయి. పగలు ఒకరు, రాత్రి ఒకరు ఊళ్లోకి వచ్చేవారు. ఎవరితో మాట్లాడితే ఎవరి మనిషి అంటారో తెలియక జనం తలుపులు బిగించుకున్నారు. నా ఈడు వాళ్లలో కొందరు దళాల్లోకి పోయారు, కొందరు పట్నం పారిపోయారు. నేను ఎక్కడికీ పోలేదు. అవ్వ ఒక్కతే ఉంటుందని అందరికీ చెప్పేవాణ్ని. ధైర్యం లేకపోవడమే అసలు కారణమని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆ మూడేళ్లలో నేను ఎక్కువగా మాట్లాడింది మా ఎడ్లతో.

నిజాం రాజ్యం పోయి, యూనియన్ సైన్యం వచ్చి ఏడాది అయ్యాక నాకు ఆ ఇద్దరూ దొరికారు. ఒకడు గొర్లు కాసేవాడు. ఊరంతా పొడుగోడనే పిలిచేది. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. రెండోవాడు పోచంపల్లి నుంచి మా ఊరి నేతవారింటికి ఇల్లరికం వచ్చినవాడు. పెండ్లయిన రోజు నుంచీ ఊరందరికీ అతను అల్లుడే. ముసలివాళ్లూ అల్లుడా అనేవారు, పిల్లలూ అల్లుడా అనేవారు. అతని మామ మాత్రం ఏమీ అనేవాడు కాదు, దగ్గేవాడు. ఆ దగ్గును బట్టి అల్లుడు పని వేగం పెంచాలో తగ్గించాలో తెలుసుకునేవాడు.

మధ్యాహ్నం మామ నులక మంచం మీద కునుకు తీసేటప్పుడు మేమిద్దరం పోయి అల్లుడి మగ్గం పక్కన కూర్చునేవాళ్లం. అతను గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తూనే మాట్లాడేవాడు. నాడె చప్పుడు ఆగితే మామకు మెలకువ వస్తుంది కాబట్టి చెయ్యి మాత్రం ఆగేది కాదు. గుట్ట ముచ్చట అక్కడే మొదలైంది. పొడుగోడు ఒకసారి తప్పిపోయిన గొర్రెను వెతుకుతూ సగం బండ దాకా ఎక్కానన్నాడు.

"మీదికెల్లి సూస్తే ఏమేం గానొస్తది?" అని అడిగాను.

"సగంకెల్లే ఏడు చెరువులు గానొచ్చినయి. మీదికి వోతే ఇంకెన్నో."

"పోదామా?" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చినందుకు నేనే ఆశ్చర్యపోయాను.

అల్లుడు మామ వైపు చూసి, గొంతు తగ్గించి, "జర ఆగుండ్రి, ఈ చీర దిగనియ్యిండ్రి" అన్నాడు. అంటే వస్తానన్నమాటే.

చీర దిగడానికి పన్నెండు రోజులు పట్టింది. నా జీవితంలో అంత సుఖంగా గడిచిన రోజులు ఎక్కువ లేవు. రోజూ మధ్యాహ్నం ఏదో ఒకటి తేల్చుకోవాలి. సొరకాయ బుర్రలో నీళ్లు పొడుగోడు తేవాలి. చెప్పులు కింద విడిచి ఎక్కాలా, వేసుకుని ఎక్కాలా అన్నది రెండు రోజుల తగాదా. బండ మీద తోలు చెప్పు జారుతుందని పొడుగోడు, వట్టి కాళ్లు కాలతాయని అల్లుడు. పైకెక్కాక ఒకరి పేరు ఒకరం గట్టిగా అరవాలనుకున్నాం. ఆ రోజుల్లో గట్టిగా ఒక పేరు పిలవాలన్నా భయమే, అందుకే ఆ సరదా. సద్దిమూట మా ఇంటి నుంచి. దాన్ని వంతులవారీగా మోయాలి. మొదటి కోసు అల్లుడు, రెండో కోసు నేను, మూడోది పొడుగోడు, నాలుగోది ఎవరు అలసిపోకపోతే వాళ్లు.

నాకు లోపల ఒకటే దిగులు ఉండేది. ఈ పని చెడితే వీళ్లు మళ్లీ నా దగ్గరికి రారేమో అని. ఇంత చిన్న పనికి అంత దిగులేమిటని మీరు అనుకోవచ్చు. మూడేళ్లు ఎడ్లతో మాట్లాడినవాడికి అది చిన్నది కాదు.

ఊరు దాటాలంటే అప్పట్లో పోలీసు పటేలుకు చెప్పాలి. ముగ్గురం పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాం.

"గుట్టెక్కుడు ఎందుకురా?" అన్నాడు పటేలు.

"ఊకెనే, పటేలా" అన్నాను.

ఆయన మమ్మల్ని కాసేపు చూశాడు. "పొద్దుగాల పోయి దీపాలు ముట్టించే యాళ్లకు రావాలె. ఇంకో మాట. పోలీసు క్యాంపోళ్ల హుకుం ఉన్నది. బాటల పోయేటోడు వాని కడుపుకు సరిపోయేంతనే సద్ది పట్టుకపోవాలె. ఒక్క రొట్టె ఎక్కువున్నా గుట్టలల్ల దాక్కున్నోళ్లకేనంటరు. యాదిల పెట్టుకోండ్రి."

ఇక్కడ అవ్వ చేతి సద్ది గురించి చెప్పాలి. అవ్వ బాటకు సద్ది కడితే అందులో ఎదురైనవాళ్ల పాలు కూడా ఉండేది. దారిలో బండి విరిగి కూర్చున్నవాడు ఉంటాడు, బిడ్డను ఎత్తుకుని నడిచే తల్లి ఉంటుంది, ఏమీ లేకపోతే కుక్క ఉంటుంది. వాళ్లకు పెట్టకుండా మనం తింటే ఆ తిండి ఒంటికి పట్టదని ఆమె నమ్మకం. అందుకని రొట్టెలు ఎప్పుడూ లెక్కపెట్టి కట్టేది కాదు. ఎన్నని అడిగితే కోపం వచ్చేది. "లెక్కవెట్టి పెట్టేది పిట్టకేరా. బతికున్నోళ్లకు లెక్కేంది?" అనేది. మా వైపు మనిషి పోయిన మూడోనాడు పిట్టకు ముద్దలు పెడతారు, వాటికి లెక్క ఉంటుంది. మేము ఏ ఊరు పోయి వచ్చినా ఆమె మొదట అడిగేది, "ఎవలన్న ఎదురైన్రా?" అని.

పటేలు చెప్పిన మాట అవ్వకు చెప్పాను. మనిషికి మూడు చొప్పున తొమ్మిదే కట్టమన్నాను. ఆమె పొయ్యి ఊదుతూ "సరె తియ్యి" అంది. ఆ సరె ఏ రకం సరెనో నాకు తెలియంది కాదు. తెల్లవారి మూట అందుకోగానే బరువు తెలిసింది. విప్పి చూడవలసింది. కట్టిన మూట ఇంట్లో విప్పితే పోయిన పని కాదంటారు, పైగా అవ్వ వాకిట్లో నిలబడి చూస్తోంది. నేను విప్పలేదు.

మంచు ఇంకా విడవలేదు. అల్లుడు కొత్త ధోవతి కట్టుకుని పెండ్లికొడుకులా వచ్చాడు. మామ ఒకే ఒకసారి దగ్గి పంపించాడట. మొదటి కోసు అతను మూట మోశాడు. రెండో కోసులో నా భుజానికి వచ్చింది. గుట్ట ఎదురుగా పెద్దదవుతూ ఉంది. నేను చెమటలు కక్కుతూ నడుస్తుంటే పొడుగోడు నవ్వి, "తే ఇటు. అవ్వ రాళ్లు గట్టిందా ఏంది?" అని మూట లాక్కున్నాడు. నా వంతు ఇంకా సగం మిగిలే ఉంది. నేను వద్దనలేదు.

బాట మలుపు తిరగగానే వాగు మీది మోరీ గోడ మీద పోలీసులు కూర్చుని ఉన్నారు. నలుగురికి మన భాష రాదు, ఒక జమాదారుకు కొంచెం వచ్చు. మూట దించమన్నాడు. తుపాకి మొనతో ముడి ఎత్తి చూపించి, విప్పమన్నాడు. పొడుగోడే విప్పాడు. రొట్టెలు ఒక్కొక్కటే పక్కన పెట్టించాడు. పదహారు వచ్చాయి. ఎల్లిపాయ కారం ముద్ద నా పిడికిలి అంత ఉంది.

"ముగ్గురికి పదహారు రొట్టెలా?" అన్నాడు జమాదారు. "ఎవరిది ఈ మూట?"

చెప్పవలసింది రెండే మాటలు. మా ఇంటిది, మా అవ్వ కట్టింది. ఆ మాటలు నాలుక దాకా వచ్చాయి. మోరీ కింద పారే నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాను. అల్లుడు నా వైపు చూశాడు. పొడుగోడు చూడలేదు.

"నాదే" అన్నాడు పొడుగోడు.

గొర్లు కాసేవాడు, గుట్టలు తెలిసినవాడు, పదహారు రొట్టెలు. వాళ్లకు ఇంకేమీ అడగవలసిన అవసరం కనిపించలేదు. అతన్ని రెక్కలు పట్టుకుని తీసుకుపోయారు. మమ్మల్ని వెనక్కి తిరగమన్నారు. నేనూ అల్లుడూ ఆ కోసున్నర దూరం నడిచాం. ఊరి మొదట్లో అతను, "నువ్వు జెప్తవనుకున్న" అన్నాడు. అతను నాతో అన్న చివరి మాట అదే. మామ ఆ తర్వాత నన్ను గడప తొక్కనివ్వలేదు. మూడు నెలలకు అల్లుడు భార్యను తీసుకుని పోచంపల్లికే వెళ్లిపోయాడు.

అవ్వకు జరిగింది చెప్పాను, నేను నోరు మూసుకున్న సంగతి కూడా. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. మరునాడు పటేలును వెంటబెట్టుకుని క్యాంపుకు పోయింది. నన్ను రావద్దంది. ఆ మూట తనదేనని, బాటసద్ది అట్లనే కడతామని చెప్పిందట. పొద్దంతా ఎండలో కూర్చోబెట్టారు. పంపించే ముందు జమాదారు ఆమెను పిలిచి, మనిషికి ఎన్ని రొట్టెలు అని అడిగి, మూడు అని ఆమె చేత పలికించాడట. ముగ్గురికి ఎన్ని అంటే తొమ్మిది అని పలికించాడట. జమాదారు తనకే విసుగు పుట్టేదాకా పలికించాడని పటేలు నాకు తర్వాత చెప్పాడు. అవ్వ మాత్రం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

పొడుగోణ్ని తొమ్మిదో రోజు వదిలారు. అరికాళ్లు చెడగొట్టి వదిలారు. నడిస్తే పాదం అంచుల మీద నడిచేవాడు. గొర్లను తమ్ముడికి అప్పజెప్పి, వాకిట్లో కూర్చుని గొంగళ్లకు ఉన్ని వడికేవాడు. నేను పోయి పక్కన కూర్చుంటే జరిగి చోటిచ్చేవాడు. నవ్వు మాత్రం తగ్గింది.

ఒకరోజు ఉండబట్టలేక, "ఆ కోసు నా వంతురా" అన్నాను.

"మూట నా బుజం మీద ఉండె. నీ బుజం మీద ఉంటె నువ్వు గూడ నాదే అందువు" అన్నాడు.

అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను అనేవాణ్ని కాదు. అది నాకు తెలుసు. ఆ రోజు నుంచి అతని పక్కన కూర్చోవడం నాకు కష్టమైంది. రోజూ పోయేవాణ్ని, రెండు రోజులకోసారి పోసాగాను, తర్వాత పండుగలకు పోయాను. మళ్లీ ఎడ్లతో మాటలు మొదలయ్యాయి.

రెండేళ్లకు గొడవలు సద్దుమణిగాయి. క్యాంపు ఎత్తేశారు. మోరీ మీద ఎవరూ లేరు, సద్దికి హుకుం లేదు. ఆ మాఘంలో నేను పొడుగోడి వాకిలికి పోయి, "గుట్టకు పోదామా? బండి కట్టుకుని కిందిదాక పోదాం, నువ్వు కింద కూసుందువు" అన్నాను.

కదురు ఆపకుండా, "నువ్వు వోయి రా. ఎన్ని చెరువులున్నయో జెప్పు" అన్నాడు.

ఒక్కణ్నే పోయాను. అవ్వ తెల్లవారకముందే లేచి సద్ది కట్టింది. నాలుగు కోసులూ నేనే మోశాను, వంతులు లేవు. మనసంతా గుట్ట మీదే ఉండి మూట బరువు పట్టించుకోలేదు. గుట్ట కింద చెప్పులు విడిచాను. పొడుగోడు చెప్పింది నిజమే, బండ జారుతుంది. రాతిలో తొలిచిన మెట్లను చేతులతో కూడా పట్టుకుని ఎక్కాను. పైన గాలి బాగా ఉంది. చెరువులు లెక్కపెట్టాను, పదిహేడు వచ్చాయి. వాటిలో మా ఊరిది ఏదో తెలియలేదు.

అనుకున్న ప్రకారం పేర్లు అరిచాను. ముందు అల్లుడి పేరు, తర్వాత పొడుగోడి పేరు. ఇద్దరి అసలు పేర్లూ నేను అంతకుముందు ఒక్కసారి కూడా పిలవలేదని అరిచాకే తట్టింది. నా పేరు అరిచేవాళ్లు లేరు. కోట గోడ నీడలో కూర్చుని కాసేపు ఏడ్చాను.

ఆకలేసి మూట ముందు పెట్టుకున్నాను. ఒక్కణ్ని ఇన్ని రొట్టెలు తినలేను, దిగేటప్పుడు, పొద్దున కింద గడ్డి కోస్తూ కనిపించిన ముసలాయనకు సగం ఇవ్వాలి అనుకుంటూ ముడి విప్పాను. మూడు రొట్టెలు ఉన్నాయి. గుడ్డ దులిపి చూశాను. మూడే.

రెండు తిని ఒకటి కట్టుకుని దిగాను. ముసలాయన అప్పటికే వెళ్లిపోయాడు. ఆ రొట్టెను మోరీ దగ్గర కుక్కకు వేశాను. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. అవ్వ కాళ్లకు నీళ్లిచ్చింది. ఎవరన్నా ఎదురయ్యారా అని అడుగుతుందని చూశాను, కుక్క సంగతి చెబుదామని.

"సరిపోయినయా బిడ్డా?" అని అడిగింది.

సరిపోయినయని చెప్పాను.