గోడకూ నుదుటికీ నడుమ

జమ్మలమడుగు ఆసుపత్రిలో నర్సు మైమూన్ కుడిచేతి మెటికలు ఎప్పుడూ కమిలిపోయి ఉండేవి. ఎవరు కొట్టారని అడిగితే "గోడ" అని నవ్వేది.

ప్రొద్దుటూరులో బట్టలకు రంగులద్దే గఫూర్ కూతురామె. నర్సు చదువయ్యాక బెంగుళూరు వెళ్ళి మనసు జబ్బుల వైద్యంలో తర్ఫీదు పొందింది. పిచ్చాసుపత్రిలో చదివినదాన్ని ఎవడు చేసుకుంటాడని వీధంతా చెవులు కొరుక్కుంది. నన్నడిగితే వెర్రి ఆ వీధిదే. ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. తమను తాము గాయపరుచుకునే పసివాళ్ళకు దెయ్యం పట్టిందని వేపమండలతో బాదడమే అప్పటికి జనానికి తెలిసిన వైద్యం.

అలా బాదించుకున్నాకే పులివెందుల వైపు నుంచి యశోద వచ్చింది. ఏడేళ్ళ పిల్ల. తండ్రి ఆదినారాయణను పగవాళ్ళు కళ్ళంలోనే వేటకొడవళ్ళతో నరికారు. అప్పటి నుంచి గోడ కనబడితే చాలు, తల బాదుకుంటోంది. కట్టు కడితే పీకేస్తోంది.

వెంట వచ్చిన నాయనమ్మ వెంకటసుబ్బమ్మ సంచిలో కొడుకు చొక్కా ఉంది. నెత్తురు ఎండి అట్టకట్టిన చొక్కా. పగ తీరేదాకా ఉతకకూడదని ఆ ఇంటి పట్టు. పొద్దుగూకే వేళ ముసలామె ఆసుపత్రి వరండా అంచున కూర్చుని దాన్ని ఒళ్ళో పరుచుకుని, గుప్పెడు మన్ను ఎత్తిపోసి శాపనార్థాలు పెట్టేది.

"నా కొడుకు జాడ చెప్పినోని నాలిక తెగిపోను! వాని తల పగిలిపోను!"

సరిగ్గా అప్పుడే యశోద గోడ మీదికి ఉరికేది. మైమూన్ అరిచేది కాదు, గోడకూ ఆ నుదుటికీ నడుమ తన అరచెయ్యి పెట్టేది. దెబ్బలన్నీ మెటికలకు తగిలేవి.

"దాన్ని మంచానికి కట్టెయ్ పాపా," అంది ముసలామె.

"కడితే కాళ్ళూచేతులు ఆగుతాయవ్వా. లోపలుండేది ఆగదు."

ఒక మధ్యాహ్నం రంగుగుడ్డలతో బొమ్మలు చేస్తూ మైమూన్ పిల్లను సూటిగానే అడిగింది. "సచ్చిపోవాలనిపిస్తాందా తల్లీ?"

అంత వరకూ ఆ మాట ఎవరూ అడగలేదు. యశోద తలూపింది. గుడ్డబొమ్మను ఒళ్ళోకి లాక్కుని చెప్పింది.

"ఒగ మామ వచ్చి, మీ నాయన యాడుండాడు పాపా అనె. కళ్ళంలో ఉండాడని నేనే సూపిచ్చినా. అవ్వ తిడతాండేది నన్నే."

మైమూన్ చేతిలోని గుడ్డలు పక్కన పెట్టింది. "నువ్వు అడిగినదానికి బదులు చెప్పినావు, అంతే. తప్పు కొడవలి పట్టినోళ్ళది," అంది.

"అవ్వకు చెప్పొద్దక్కా. సంపేస్తాది."

చెప్పనని ఒట్టు వేయడం ఎంత సులువు! మైమూన్ వేయలేదు. "చెప్పకపోతే ఆ తిట్లు ఆగవమ్మా. నీ పక్కనే ఉంటా. ఎవురినీ నీ మింద చెయ్యి వెయ్యనీను."

అంది గానీ, ఆమెకూ భయమే. జాడ చెప్పినవాడి పేరు కోసం ఆ ఇంట్లో కొడవళ్ళు ఎదురుచూస్తున్నాయి.

సాయంత్రం ముసలామె మన్ను ఎత్తేసరికి మైమూన్ ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది. చెంప ఛెళ్ళుమంది. మైమూన్ పెదవి చిట్లి నెత్తురు కారింది.

"అబద్ధం! నా మనవరాలి మింద ఏస్తాండావా!"

"నేనేనవ్వా," అంది యశోద, మైమూన్ వెనక నుంచి.

ముసలామె గుప్పిట్లోంచి మన్ను జారి చొక్కా మీద పడింది. పిల్ల నుదుటి మీది కట్టును చూసింది. తాను ఏ తల పగలాలని ఇన్నాళ్ళూ మొక్కిందో అర్థమైంది.

"నా నోరు పడిపోను! నా బిడ్డనే తిట్టుకుంటినే!" అంటూ లేచి తన తలను గోడకు మోదుకుంది. మళ్ళీ మోదుకుంది. నుదురు చిట్లింది.

మైమూన్ ఉరికింది. కానీ ఆమెకన్నా ముందే యశోద మునివేళ్ళ మీద నిక్కి గోడకూ అవ్వ నుదుటికీ నడుమ చెయ్యి పెట్టేసింది. మూడో దెబ్బ ఆ చిన్న చేతి మీద పడింది.

"సాలవ్వా," అంది యశోద, చెయ్యి తీయకుండానే.