కొంగను వదిలేశాను

మూడేళ్ల క్రితం కైకలూరు రోడ్డులో నా కారు వంతెన పక్కనుంచి కొల్లేరులోకి దిగింది. నేను బయటపడ్డాను గానీ, ఆ వంతెన నన్ను వదల్లేదు. ఏలూరు నుంచి కైకలూరులో మా కాలేజీకి రోజూ గుడివాడ మీదుగా చుట్టు తిరిగి బస్సుల్లో వెళ్లేవాణ్ణి.

"గుడివాడలో ఎవరున్నారండీ?" అని మా ఆవిడ సూటిగానే అడిగింది. సంగతి విన్నాక తనే కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లింది.

ఆ మేడమ్ నాచేత వారం వారం ఆ ప్రమాదాన్ని మొదటినుంచీ చెప్పించారు. చెప్పగా చెప్పగా, అది ఇప్పుడు జరుగుతున్నట్టు కాక ఎప్పుడో జరిగినట్టు అనిపించసాగింది. చివరికి, "ఇక బస్సులో ఆ వంతెన దాటండి. భయమేస్తే, కనిపించే ఐదింటి పేర్లు మనసులో అనుకోండి" అన్నారు.

వంతెన రాగానే ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకున్నాను. మనసులో అనుకోవలసింది బస్సంతా వినేలా అరిచాను. "చేపల లారీ! పడవ! గుర్రపుడెక్క! కరెంటు స్తంభం!"

ఐదోది తట్టలేదు. అందరూ నన్నే చూస్తున్నారు.

ముందు సీటులోని పెద్దావిడ వెనక్కి తిరిగి, "కొంగండీ. కొంగని వదిలేశారు. ఎందుకండీ ఈ లెక్క?" అన్నారు.

"భయమండీ. ఈ వంతెన దగ్గరే మునిగాను."

"అయ్యో, వంతెన ఎప్పుడో దాటేశాం కదండీ!"

ఇప్పుడు రోజూ ఆ దారినే వెళ్తున్నాను. కొంగ కనిపిస్తే మేడమ్‌కీ, ఆ పెద్దావిడకీ మనసులోనే దండం పెట్టుకుంటాను. గుడివాడలో ఎవరూ లేరని మా ఆవిడ కూడా దాదాపు నమ్మింది.