అయిదు దూదిపుల్లలు, ఒక్క నోరు

కుక్కలామె కోపమంటే వీధిలో అందరికీ హడల్. ముప్పై ఏళ్లుగా ఒకే జాతి కుక్కల్ని పెంచుతోంది. ఈమధ్య అమ్మిన కుక్కపిల్లల్లో రెండింటికి చూపు పోయింది. ఒకదాన్ని కొన్నవాళ్లు తిరిగిచ్చేశారు కూడా. ఆ జబ్బు ఏ కుక్క నుంచి వస్తోందో తేల్చాలని, పెద్ద కుక్కలు అయిదింటి బుగ్గల్లోనూ దూదిపుల్లలు తిప్పి జన్యుపరీక్షకు పంపమని మొగుడికి అప్పజెప్పింది.

ఇవాళ ల్యాబ్ నుంచి జవాబొచ్చింది: అయిదు నమూనాలూ ఒకే కుక్కవి.

"మిగతావి కరుస్తాయని ముసలిదాని నోట్లోనే అన్నీ తిప్పాను. అన్నీ ఒకే జాతేగా," అని నసిగాడు మొగుడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "బావగారూ నువ్వూ ఒక కడుపునే పుట్టారు. ఆయన బుర్ర నీకొచ్చిందా?"

గోడకు గుద్దుకుంటూ వస్తున్న గుడ్డిపిల్లను ఎత్తి అతని ఒళ్లో పడేసింది.

"కరుస్తాయని భయమేసిందట. దీనికి చెప్పు."