కొనబోయే విమానం, ఎర్రయ్య మావ బోటు

కరోనా సద్దుమణిగిన ఏడాది, చలికాలం. అప్పటికి నేను సముద్రం మీద కాపలా తిరిగే మిలిటరీ విమానాల్లో సెన్సర్ ఆపరేటర్‌గా పాతబడిపోయాను. పేరు ఘనంగా ఉంది గానీ, పైలట్‌కి వెనకాల చీకట్లో రాడార్ తెర ముందు కూర్చుని చుక్కలు చూసే ఉద్యోగం అది. ఏ చుక్క ఓడో, ఏ చుక్క ఉత్త అలో తేల్చాలి. చుట్టూ పదిమంది ఉన్నా ఎవరి తెర వాళ్లది. గంటల తరబడి పలకరింపు కూడా ఉండదు.

మా పాత విమానాలు ముసలివైపోయాయి. వాటి బదులు కొత్తవి కొనాలన్న ఫైలు ఢిల్లీలో ఎన్నాళ్లుగా తిరుగుతోందో నన్నడక్కండి. నేను చేరినప్పుడు నిక్కర్లేసుకున్న పిల్లలు మాకే ఆఫీసర్లయి వచ్చారు, ఫైలు మాత్రం అక్కడే ఉంది. చివరికెలాగో ఆర్‌ఎఫ్‌పీ వెళ్లింది. అంటే, మాకిలాంటి విమానం కావాలి, మీరేమిస్తారు, ఎంతకిస్తారు అని కంపెనీలని అడిగే పత్రం. ఆ తర్వాత ట్రయల్. దీన్ని ‘నో కాస్ట్, నో కమిట్‌మెంట్’ అంటారు. కంపెనీ తన ఖర్చుతో విమానం తెచ్చి చూపించాలి, కొంటామని మనం మాటివ్వం. పెళ్లిచూపులన్నమాట. టిఫిన్ తిని, ఉత్తరం రాస్తామని లేచి వచ్చెయ్యొచ్చు.

ఆ విమానం ఏం చెయ్యగలగాలో రాసుకున్న వాటిలో ఒకటి, ఇంజిన్ ఆపేసిన చిన్న ఫైబర్ బోటుని కూడా కనిపెట్టాలని. ఇనుప ఓడని ఏ రాడారైనా పట్టేస్తుంది. ఫైబర్ బోటు అలా కాదు, నీళ్లలో తేలే కొబ్బరిమట్ట లాంటిది. అలల గోలలో కలిసిపోతుంది. ఆ గోలనే మేం సీ క్లటర్ అంటాం.

పరీక్షకి నిజమైన బోటు కావాలి. పెద్ద ఓడలు తిరగని చోటని వజ్రపుకొత్తూరు తీరం ఎంచుకున్నారు. నాది టెక్కలి. మా నాన్న తాలూకా ఆఫీసులో గుమస్తా. ‘‘ఆ యాస నీకే వస్తుంది, నువ్వే వెళ్లు’’ అని మా కమాండర్ నన్ను విమానంలోంచి దింపి బోటెక్కించాడు. కొత్త రాడార్ ముందు కూర్చోవాలని ఎంత ఆశపడ్డానో! ఒళ్లు మండిపోయింది. పలాసలో రైలు దిగి, జీడిగింజలు కాల్చే వాసన పీల్చుకుంటూ బస్సెక్కేసరికి ఆ మంట కాస్తా దిగులైంది. సొంత జిల్లాకొచ్చినా నన్ను గుర్తుపట్టేవాడు ఒక్కడూ లేడు.

అద్దెకి కుదిర్చిన బోటు ఎర్రయ్యది. యాభై దాటినవాడు, సన్నగా, ఎండకి నల్లబడ్డ మనిషి. సంగతంతా చెప్పగానే ఒక్కటే అడిగాడు.

‘‘మరైతే ఈ కొత్త ఇమానం మా బోటుని సూత్తాదేటి బాబూ?’’

‘‘అది తేల్చడానికే కదా మావా వచ్చింది.’’

అప్పుడు తమ్ముడి సంగతి చెప్పాడు. తమ్ముడు దానయ్య ఇలాంటి బోటులోనే వేటకెళ్లాడు. ఇంజిన్ చెడిపోయింది, గాలి తిరిగింది, బోటు కొట్టుకుపోయింది. విమానం పంపి రెండు రోజులు వెతికించారు. తర్వాత ఆఫీసుకెళితే, ‘సముద్రమంతా గాలించారు, అక్కడ ఎవరూ లేరు’ అన్నారట.

‘‘ఎవులూ నేరంటే, మొదటి రేతిరే ములిగిపోనాడన్నమాట. ఎక్కువ యాతన పడనేదు. మా మరదలికి అదే సెప్పినాను. ఆ మాట మీదే బతుకుతంది బాబూ.’’

ఆ వెతుకులాటలో నేను లేను. కానీ ఆ మాట మాదే. వెతికి తిరిగొచ్చిన ప్రతిసారీ మేం చెప్పేది అదే, అక్కడ ఎవరూ లేరని.

మర్నాడు పొద్దున్నే ఒడ్డుకెళ్లి చూద్దును కదా, బోటు మీద వెదురు గడ నిలబెట్టి, దానికి చుట్టూ స్టీలు బిందెలు కట్టేశాడు. ఎండకి తళతళలాడిపోతున్నాయి. పక్కన ఆయన మరదలు, దానయ్య భార్య పార్వతి ఇంకో బిందె చంకన పెట్టుకుని నిలబడి ఉంది. బిందెలన్నీ ఆవిడవే.

‘‘ఓరి నాయనో! ఏటి మావా ఇది? ఇంట్లో సామానంతా తెచ్చీసినావా?’’

‘‘ఇమానానికి కనబడాల కదా బాబూ. ఇది ఫెయిలయితే మీరు మళ్లీ ఆ పాతదాన్నే తిప్పుతారు కదా?’’

‘‘తిప్పుతాం.’’

‘‘ఎన్నాళ్లు?’’

‘‘మళ్లీ ఆర్‌ఎఫ్‌పీ, మళ్లీ ట్రయల్. దేవుడికే తెలియాలి.’’

‘‘మరందుకే. పాసయిపోనీ, కొనీండి.’’

నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమూ వచ్చింది. పరీక్ష రాసేది విమానమైతే కాపీ అందించేది ఈయనా! కేకలేద్దామనుకుని, ఆవిడ మొహం చూసి తగ్గాను. ‘‘మావా, రేపు నువ్వు వేటకెళ్తే బిందెలు కట్టుకుని వెళ్లవు కదా. బిందెల్ని చూసి పాసయిన విమానం నిన్ను చూడదు’’ అన్నాను. ఎర్రయ్య తనే ఒక్కొక్కటీ విప్పి మరదలికిచ్చాడు. ‘‘జాగర్త బావా’’ అని ఆవిడ బిందెలు పట్టుకుని వెళ్లిపోయింది.

చెప్పిన చోటికి వెళ్లి ఇంజిన్ ఆపేశాం. నా దగ్గర రేడియో ఉంది గానీ ప్రాణాల మీదికొస్తే తప్ప మాట్లాడకూడదు. మేమెక్కడున్నదీ విమానానికి తెలియకూడదు. ఒడ్డు కనపడ్డం మానేసింది. ఇన్నేళ్లు ఈ సముద్రాన్ని పైనుంచి తెర మీద చూశాను, ఇంత పెద్దదని తెలియదు. ఎర్రయ్య చద్దన్నం పెట్టాడు. ఇద్దరం తిన్నాక మాటలు కూడా అయిపోయాయి. అంత ఒంటరితనం నేనెప్పుడూ ఎరగను. పక్కన మనిషి ఉండీ భయమేసింది.

‘‘మనం దొరికితే ఇటు తిరుగుతుంది మావా. దగ్గరికొచ్చి కెమెరాతో చూసి పోతుంది. అదే గుర్తు’’ అని ముందే చెప్పి ఉంచాను.

మధ్యాహ్నం దాటాక మోత వినపడింది. ఉత్తరం నుంచి వస్తోంది. ఎర్రయ్య లేచి నిలబడి తువ్వాలు విప్పాడు. అలా ఊపడం పరీక్షలో లేదు, కానీ నేను ఆపలేదు. నాకూ ఊపాలనే ఉంది. నేను కూర్చోవాల్సిన సీట్లో ఇంకెవరో ఉండి ఉంటాడు, చేతిలో టీ కప్పు, ఎదురుగా తెర నిండా అలలు. చూడరా నాయనా, ఇక్కడున్నాం చూడరా అని లోపల్లోపల అరుచుకున్నాను.

విమానం తిరగలేదు. తన దారిన తిన్నగా వెళ్లిపోయింది. మోత తగ్గి తగ్గి, బోటుకి నీళ్లు కొట్టుకునే చప్పుడే మిగిలింది.

ఎర్రయ్య తువ్వాలు దించలేదు చాలాసేపు. తర్వాత కూలబడి అన్నాడు.

‘‘బాబూ, మావోడు మొదటి రేతిరే పోనాడనుకున్నాను. రొండో రోజుకి గానీ బతికున్నాడంటే... ఇమానం వచ్చీసిందని లేసి నిలబడుంటాడు కదా. ఇలగే సూసుంటాడు కదా, ఎలిపోతంటే.’’

ఆయన చెయ్యి పట్టుకున్నాను, అంతే.

ఒక్కసారి దొరకనంత మాత్రాన విమానం పనికిరాదని కాదు. ట్రయల్ అంటే ఎన్నో రోజులు, ఎన్నో ఎత్తులు, ఎన్నో గాలులు. చివరికి ఫలితం ఏమైందో, అది ఏ విమానమో నేను చెప్పకూడదు, చెప్పను.

పొద్దు వాలుతుండగా ఒడ్డు చేరాం. పార్వతి నీళ్ల దాకా వచ్చి నిలబడింది. నా వైపే చూస్తూ అడిగింది.

‘‘సూసినాదా బాబూ, మిమ్మల్ని?’’

నేను నోరు తెరవకముందే ఎర్రయ్య అందుకున్నాడు. ‘‘సూసినాదే! సక్కగా తిరిగి, మా నెత్తి మీదికి వచ్చి మరీ సూసినాది. బోటంటూ ఉంటే, కొత్తదైనా పాతదైనా ఇమానం కంట పడకుండా పోదు.’’

ఆవిడ ఒక్క నిట్టూర్పు విడిచి, ‘‘అయితే మనిసి నిజంగానే బతికి నేడన్నమాట, అప్పటికి’’ అంది. ఎర్రయ్య తాడు చుట్టుకుంటూ వెనక్కి తిరిగిపోయాడు. ఆయన అల్లిన అబద్ధాన్ని ఇక నుంచి ఆయనొక్కడే మొయ్యాలి. నాకు ఏడుపొచ్చింది, అలల వైపు నడిచాను.

ఆ తర్వాత ఇంకొన్నాళ్లు అదే పాత విమానాల్లో ఎగిరాను. ఒకసారి అలాంటి వెతుకులాట నుంచే తిరిగొచ్చి, ‘మాకు కనపడలేదు’ అని చెప్పాను. కంట్రోల్ రూమ్‌లో కుర్ర ఆఫీసరు విసుక్కున్నాడు. ‘‘రెండూ ఒకటే కదండీ, ఎవరూ లేరని చెప్పెయ్యండి.’’

‘‘ఒకటి కాదు సార్. లేరంటే వాళ్ల మనుషులు ఇంటికెళ్లి కర్మ చేసుకుంటారు. కనపడలేదంటే ఇంకో రోజు వెతకమని అడుగుతారు.’’

వాళ్లు అడిగారు. మర్నాడు మళ్లీ ఎగిరాం.