ఐదుకు పంచిన మిఠాయి

మొన్న పొద్దున్నే వరండాలో కూర్చుని టీ తాగుతూ, ముందు రోజు డైరీలో రాయడం మరిచిన రెండు ముక్కలు పూర్తి చేస్తుండగా, పక్కింటి దర్జీ గారి కోడలు చేతిలో ఫోను పట్టుకుని గేటు తోసుకుంటూ వచ్చింది. వాళ్ల అమ్మాయి గత ఏడాది పరీక్ష రాసి ఎంపికై, ఒక సంవత్సరం చదువు కోసం జర్మనీ వెళ్లింది. అక్కడి బడిలో అర్ధ సంవత్సరపు రిపోర్టు ఇచ్చారట. ఆ పిల్ల దాన్ని ఫోటో తీసి తల్లికి పంపి పడుకున్నది. అక్కడ ఇంకా తెల్లవారలేదు కాబట్టి ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తడం లేదు.

"టీచరమ్మా, జర చూడుండ్రి. మా పోరి హిస్టరీల ఒక్కటంటే ఒక్క మార్కు తెచ్చుకున్నది. లెక్కలల్ల రెండు. గా జర్మన్ భాషల మూడొచ్చింది, గదే ఎక్కువ. ఇక్కడున్నప్పుడు ఎన్నడు ఫస్టు తప్పలే. గింత దూరం పంపింది గిందుకేనా?" అని ఆమె కళ్లలో నీళ్లు పెట్టుకున్నది.

నాకు నవ్వు ఆగలేదు. "నవ్వుతరేంది టీచరమ్మా, నేను గింత పరేషాన్ల ఉంటే?" అని ఆమె చిన్నబుచ్చుకుంటే, పట్టుకుని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఆ దేశంలో మార్కులు ఒకటి నుంచి ఆరు దాకా ఉంటాయని, ఒకటి అన్నిటికన్నా గొప్పదని, ఆరు అన్నిటికన్నా అధ్వానమని చెప్పాను. ఆమె నా ముఖం వంక అనుమానంగా చూసి, "గదేం లెక్క? తలకిందుల లెక్క!" అన్నది. ఆ మాటకు మళ్లీ నవ్వొచ్చింది గాని, ఆమెను చూసి నవ్వింది కాదు. యాభై ఏళ్ల కిందట ఇదే మెదకులో, ఇదే తలకిందుల లెక్కకు, మా ఇంట్లో మిఠాయి పంచారు.

మా నాయన వడ్రంగి. పెద్ద చర్చి బెంచీలు, తలుపులు, కిటికీ రెక్కలు బాగుచేయడమే ఆయన పని. నేను పదో తరగతి పూర్తి చేసిన ఏడాది, మా చర్చి పెద్దలకూ జర్మనీలోని ఒక చిన్న ఊరి చర్చి వాళ్లకూ ఒక ఒప్పందం కుదిరింది. ఏడాదికి ఒక విద్యార్థిని ఇక్కడి నుంచి పంపిస్తే వాళ్లు తమ ఇంట్లో ఉంచుకుని, తమ బడిలో చదివిస్తారు. మొదటి విడతకు నన్ను పంపారు. అయితే వాళ్లు ఒక షరతు ముందే చెప్పారు. అర్ధ సంవత్సరపు రిపోర్టులో నేను ఏ పాఠ్యాంశంలోనైనా తప్పితే వెనక్కి పంపేస్తారు, మరుసటి ఏటి నుంచి ఈ ఏర్పాటు కూడా ఉండదు. నా తర్వాత వెళ్లాల్సిన వంతు రామాయంపేట పిల్ల ఒకతిది. నేను బయలుదేరేనాటికే ఆమె ఎక్కడి నుంచో జర్మన్ అక్షరాల పుస్తకం సంపాదించి దిద్దుకోవడం మొదలుపెట్టింది. బస్సు ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, మంచిగ చదువు. నువ్వు పాసైతెనే నాకు తొవ్వ" అన్నది. ఆ మాట నాకు ఏడాది పొడవునా తోడుగా వచ్చింది, బరువుగానూ వచ్చింది.

మనం ఎలా చదువుకున్నామో మన ఈడు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున లేచి పెరట్లో అటూ ఇటూ తిరుగుతూ, ఆవు మీద ఇంగ్లిషు వ్యాసం, అశోకుడు నాటించిన చెట్లు, అన్నీ ఒకే రాగంలో బట్టీ పట్టేవాళ్లం. సారు అడిగితేనే నోరు తెరిచేవాళ్లం, లేచి నిలబడి చేతులు కట్టుకుని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేవాళ్లం. అర్థం కాలేదని చెబితే బెత్తం, ఎదురు ప్రశ్న వేస్తే ఇంకా పెద్ద బెత్తం. తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆ సార్లే నాకు అక్షరం పెట్టారు, వాళ్ల బెత్తం దెబ్బలు కూడా ఇప్పుడు తలుచుకుంటే ఆప్యాయంగానే అనిపిస్తుంది.

అలాంటి నేను ఆ తరగతి గదిలోకి వెళ్లిన మొదటి రోజే, సారు లోపలికి రాగానే దిగ్గున లేచి నిలబడ్డాను. తతిమ్మా పిల్లలంతా కూర్చునే ఉన్నారు. ఒక పిల్లవాడు ఆపిల్ పండు కొరుకుతున్నాడు. చరిత్ర సారు వచ్చి బల్ల అంచు మీద కూర్చుని, కాళ్లు ఊపుతూ పాఠం మొదలుపెట్టారు. పాఠం అంటే ఆయన చెప్పడం కాదు. ఆయన ఒక మాట అంటారు, పిల్లలు చెయ్యెత్తి అది కాదంటారు, ఆయన సంతోషపడతారు. నేను చివరి వరుసలో చేతులు కట్టుకుని, ఎవరైనా నా పేరు పిలుస్తారేమోనని ఎదురుచూస్తూ ఉండేదాన్ని. ఎవరూ పిలవలేదు.

మొదటి పరీక్షకు నా సంప్రదాయం ప్రకారమే సిద్ధమయ్యాను. భాష ఇంకా సగమే తెలుసు కాబట్టి, అర్థం తెలిసినా తెలియకపోయినా పుస్తకంలోని పేజీలను కామాలతో సహా కంఠస్థం చేశాను. కాగితం మీద పైన ఒక చిన్న సిలువ గుర్తు వేసి, చేయి నొప్పి పుట్టేలా రాశాను. ఆ గదిలో కాపలా కూడా లేదు. సారు ప్రశ్నలిచ్చి కాఫీ తెచ్చుకోవడానికి బయటికి వెళ్లారు, పిల్లలు ఒకరి కాగితంలోకి ఒకరు తొంగిచూడనైనా లేదు. దిద్దిన కాగితం నా చేతికొచ్చినప్పుడు ఎక్కడా తప్పు గీత లేదు. కింద మాత్రం ఎర్ర సిరాతో, "ఇది పుస్తకం చెప్పింది. నువ్వేమంటావు?" అని ఉన్నది.

నేను ఏమీ అనను, అదే కదా మర్యాద! నేనున్న ఇంటి అమ్మ, ఆ ఊళ్లోనే రొట్టెల దుకాణం నడిపే పెద్దావిడ, ఆ కాగితం చూసి విషయం విడమరిచి చెప్పింది. ఆ బడిలో రాసినదానికి సగం, తరగతిలో మాట్లాడినదానికి సగం లెక్కట. నేను నోరు విప్పడం లేదు కాబట్టి చరిత్రలో నాకు ఐదు పడేలా ఉందని సారు ఆమెతో అన్నారట. ఐదు అంటే తప్పినట్టే.

ఆ సాయంత్రమే ఇంటికి ఉత్తరం రాశాను. చరిత్రలో ఐదు వచ్చేలా ఉందని, ఇక్కడ మార్కులు ఒకటి నుంచి ఆరు దాకా ఉంటాయని, బాధపడవద్దని రాశాను. ఏ కొన పైది, ఏ కొన కిందిది అన్నది రాయాలని తోచలేదు. ఆ లెక్కకు నేను అప్పటికే అలవాటుపడిపోయాను. మూడు వారాలకు జవాబు వచ్చింది. నాయన తన గుండ్రటి అక్షరాలతో, "బిడ్డా, ఆరుకు ఐదంటే మాటలా? బాధపడకుమని రాసినవు, ఆ ఒక్కటి కూడ వస్తది తీ. మీ నాయనమ్మ బూందీ లడ్డూలు తెప్పించి చర్చి వాడంతా పంచింది. రామాయంపేట పిల్ల ఇంటికి కూడ పంపినం" అని రాశారు.

ఆ ఉత్తరం పట్టుకుని రొట్టెల దుకాణం వెనక మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. ఆ లడ్డూలు తిన్న నోళ్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి, అందరికన్నా ఎక్కువగా రామాయంపేట పిల్ల నోరు. ఆ లెక్క తలకిందులని అప్పటికప్పుడు రాసేయవచ్చు గాని, దానికన్నా ముందు ఆ ఐదును కిందికి దించాలనిపించింది.

క్రిస్మస్‌కు ముందు ఒక రోజు సారు తరగతికి ఒక పెద్ద బొమ్మ తెచ్చారు. అది వందల ఏళ్ల కిందట కట్టిన ఒక మహా చర్చి చిత్రం. దాన్ని కట్టడానికి కొన్ని తరాలు పట్టిందట. పిల్లలు కమానుల గురించి, రాజుల గురించి, బిషప్పుల గురించి వాదించుకుంటున్నారు. నాకు మాత్రం మా ఊరి చర్చి కళ్లముందు నిలిచింది. దాని గోపురం ఎంత ఎత్తు, రంగుటద్దాలు ఏ దేశం నుంచి వచ్చాయి అన్నవి మా ఇళ్లలో తర్వాతి మాటలు. కరువులో జనానికి పని ఇచ్చి తిండి పెట్టడానికి కట్టారన్నదే మొదటి మాట. మా నాయనమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు పాపన్నపేట వైపు నుంచి వాళ్లమ్మ వెంట నడిచొచ్చి అక్కడ మట్టి తట్టలు అందించింది.

చెయ్యెత్తాను. ఎత్తడమే కాదు, పాత అలవాటు కొద్దీ లేచి నిలబడి చేతులు కూడా కట్టుకున్నాను. వచ్చీరాని జర్మన్‌లో, "ఆ రాళ్లు మోసినవాళ్లకు అన్నం ఎవరు పెట్టారు?" అని అడిగాను.

ఆపిల్ తినే పిల్లవాడు నమలడం ఆపాడు. సారు బొమ్మ వైపు చూశారు, నా వైపు చూశారు, తర్వాత, "నాకు తెలియదు" అన్నారు. నేను అదిరిపోయాను. ఒక సారు నోటి నుంచి ఆ మాట నేను అంతకు ముందెన్నడూ వినలేదు. ఆయనకు కోపం రాలేదు సరికదా, నేనెందుకు అలా అడిగానో చెప్పమన్నారు. నాకు తెలిసిన కొద్ది మాటలతోనే కరువు గురించి, మట్టి తట్టల గురించి, మా నాయనమ్మ గురించి చెప్పాను. అయితే ఆవిణ్ణే అడుగు, ఏమి పెట్టారో తెలుసుకుని మాకు చెప్పు, అదే నీ పరీక్ష అన్నారు. ఆనాటి డైరీలో ఒక్క ముక్కే ఉంది: "ఈ రోజు చెయ్యెత్తాను."

నాయనమ్మ చెబుతుంటే నాయన రాసిన ఉత్తరం రిపోర్టుకు కొద్ది రోజుల ముందు వచ్చింది. దాన్ని నేను తరగతిలో నిలబడి, ఈసారి చేతులు కట్టుకోకుండా, ఒక్కో వాక్యం జర్మన్‌లోకి మార్చి చెప్పాను. "పొద్దుమీకి జొన్నలు కొలిచి ఇచ్చేటోళ్లు. మా అమ్మకు పిడికెడు ఎక్కువేసేటోడు ఒకడుండె. వాని పేరు యాదికి లేదు గని, వాడు సల్లగుండాలె. చర్చి ఎంత పొడుగు లేస్తున్నదో మేం తలెత్తి చూడలే, కొలిచే గిన్నె ఎంత లోతున్నదో చూసినం. మీ సారును కూడ అడగమన్ననని చెప్పు, వాళ్ల చర్చికి ఎవరు వండిండ్రో." సారు తన వంతుగా ఆ మహా చర్చి పాత లెక్కల్లో వెతికి, రాళ్ల ధర దొరికింది గాని తిండి ఊసు దొరకలేదని నాయనమ్మకు చెప్పమన్నారు.

రిపోర్టులో చరిత్రకు రెండు వచ్చింది. నేను ఉండవచ్చు, నా తర్వాత రామాయంపేట పిల్ల రావచ్చు. పట్టరాని సంతోషంలో ఒక బొమ్మ కార్డు మీద, చరిత్రలో రెండు వచ్చింది, వివరంగా తర్వాత రాస్తానని రెండు ముక్కలు గీకి పోస్టులో వేశాను. వివరమంతా రాసిన ఉత్తరం దానికి వారం వెనక బయలుదేరింది. ఈలోగా కార్డు అందుకున్న నాయన నన్ను ఓదార్చారు. "ఐదు దెచ్చినదానివి, రెండుకు పడ్డవని ఏడ్వకు బిడ్డా. గక్కడి చలికి పానం బాగలేదో ఏమో. మల్ల లేస్తవు."

నా వివరం చేరిన రోజు ఇంట్లో ఏం జరిగిందో తిరిగొచ్చాక విన్నాను. నాయన ఉత్తరం రెండుసార్లు చదివి, వాడలో ముఖమెట్ల చూపించేదని తల పట్టుకున్నారట. నాయనమ్మ మాత్రం కొంగు దులుపుకుని లేచి, "తప్పుకు పంచినం, ఒప్పుకు పంచకుంటె ఎట్లరా? పో, లడ్డూలు తేపో" అన్నదట. అడిగినవాళ్లందరికీ తలకిందుల లెక్క వివరిస్తూ మళ్లీ వాడంతా పంచిందట. ఆ ఏడాది ఎండాకాలంలో రామాయంపేట పిల్ల బయలుదేరింది. నేను తిరిగొచ్చి చదువు ముగించి, సోషల్ టీచరునై, రిటైరయ్యేదాకా ఈ ఊరి పిల్లలకే పాఠం చెప్పాను.

ఇదంతా విన్నాక దర్జీ గారి కోడలు కళ్లు తుడుచుకుని, "అయితె నేను సుత మిఠాయి తెస్త. గని బజార్ల అడుగుతరు గదా, ఒక్క మార్కుకు మిఠాయేందని?" అన్నది. "అడగనియ్యి, చెప్తాం" అన్నాను.

ఆనాడు ఒక తప్పుడు సంతోషానికి కూడా నెలల ఆయుష్షు ఉండేది. ఈమె దిగులు ఒక కప్పు టీ పాటి కూడా నిలవలేదు. అది మంచిదే. కాని అన్ని నెలలూ బిడ్డ గొప్పదైందని తలెత్తుకు తిరిగిన నాయనను తలుచుకుంటే, ఉత్తరాల కాలం మీద ఏదో బెంగ కలుగుతుంది.

సాయంత్రం ఆ అమ్మాయే ఫోను చేసింది. నా కథ తల్లి అప్పటికే చెప్పేసింది. అభినందిస్తే వినిపించుకోకుండా, "టీచరమ్మా, గా కరువుల మీ నాయనమ్మోళ్లు జొన్నలు తిన్నరు సరె. మరి మావోళ్లు ఏం తిన్నరు? అప్పుడు మా ఇంట్ల ఎవరున్నరు?" అని అడిగింది.

"నాకు తెలియదు బిడ్డా" అన్నాను. అంటున్నప్పుడే ఆ సారు గొంతు నా గొంతులో వినిపించింది. మట్టి మోసిన తరం ఎన్నడో వెళ్లిపోయింది, వాళ్ల నోట విన్నవాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. నాయనమ్మను నేను అడగనివి ఇంకా ఎన్నో ఉన్నాయి. ఈ పిల్ల తాత మాత్రం ఇంకా పక్కింటి అరుగు మీద, కుట్టుమిషను పక్కనే కూర్చుని ఉంటాడు. రేపు పొద్దున వెళ్లి అడిగి చెబుతానని ఆ అమ్మాయికి మాట ఇచ్చాను. ఆయనకు ఈమధ్య వినికిడి తగ్గింది, కాస్త గట్టిగా అడగాలి.